బీదల పద్దు – డీకన్ల పని
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా కుటుంబం చెన్నపట్నం వచ్చి నాలుగు తరాలయింది. నా మాటల్లో అక్కడక్కడ అరవం దొర్లితే మన్నించాలి. ఆ జబ్బు నా ఒక్కడిదే కాదని ఇందాక బయట టీ తాగుతున్నప్పుడు విన్న మాటలను బట్టి తెలిసింది.

"మీ చర్చిలో డీకన్లు బీదలకు సాయం ఎలా చేస్తారు? మన ట్రస్టుకు పనికొచ్చేది ఏమైనా ఉంటే చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగారు. ఇది మత ప్రసంగం కాదు. నేను ఉద్యోగరీత్యా రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాను. బోల్టులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అని బిన్ కార్డు మీద రాస్తూ రిటైరయ్యాను. ఉత్తర చెన్నైలోని మా తెలుగు బాప్టిస్టు సంఘంలో పదహారేళ్ళుగా డీకనుగా ఉన్నాను. కాబట్టి నేను చెప్పేదంతా పద్దుల మాటే.

డీకను అంటే ఎవరో ముందు మనవి చేస్తాను. రోమన్ కాథలిక్కులలోనూ దక్షిణ ఇండియా సంఘంలోనూ డీకను అంటే అభిషేకం పొందిన సేవకుడు. గురువు కావడానికి ముందు సాధారణంగా ఆ మెట్టు ఎక్కుతారు. బాప్టిస్టులలో అలా కాదు. మేము ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకొనే మామూలు సభ్యులం. సంఘం ఓటు వేసి మమ్మల్ని ఎన్నుకుంటుంది. జీతం లేదు. ప్రసంగం, ప్రార్థన పాస్టరుగారి బాధ్యత అయితే బల్ల దగ్గర వడ్డించడం, కానుకలు లెక్కపెట్టడం, ఇళ్ళు తిరగడం మా వంతు. గ్రీకులో ఆ మాటకు అర్థం పరిచారకుడు. తెలుగు బైబిలులోనూ అలాగే అనువదించారు.

ఈ పదవి ఎలా పుట్టిందో మనలాంటి పరాయి రాష్ట్రపు తెలుగువాళ్ళు తప్పక తెలుసుకోవాలి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఆ సంగతి ఉంది. యెరూషలేములో తొలి సంఘం రోజూ విధవరాండ్రకు భోజనం పెట్టేది. అందులో రెండు భాషలవాళ్ళు ఉన్నారు. స్థానిక భాషవాళ్ళకు సరిగ్గా అందుతోంది, గ్రీకు మాట్లాడే విధవలను మాత్రం పంపకంలో వదిలేస్తున్నారు అని గొడవ వచ్చింది. కావాలని వదిలేశారని అక్కడ రాయలేదు. నాకు తోచింది చెబుతాను. వడ్డించేవాడికి ఎవరి భాష వచ్చో వాళ్ళ ఆకలే వాడి చెవిన పడుతుంది. అప్పుడు పెద్దలు ఏడుగురిని ఏర్పాటు చేయమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడు పేర్లూ గ్రీకు పేర్లే! ఫిర్యాదు చేసిన భాషవాళ్ళ చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన కమిటీలలో ఎవరిని కూర్చోబెట్టాలి అనే చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ ఏడు పేర్లు గుర్తుకొస్తాయి.

ఇంకొక చరిత్ర మన తెలుగునాటిది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర పూర్వం సర్వేయరు. 1876 నుండి 1878 వరకు సాగిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకొని, కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. మా పేట పక్కన నల్లగా పారుతోందే, ఆ కాలువే! ఉత్తరాన అదే కాలువకు మన వాళ్ళ ముత్తాతలు మట్టి మోశారు. అందరూ కరువు పనుల గురించి చెబుతారు కాని నాకు ముఖ్యం అనిపించేది వేరే. కరువు సాయం నడిచినన్నాళ్ళు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని పంపకాలు ముగిసేదాకా ఆపాడు. ఆ తరువాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. సాయం చేసే చేయి, మతంలోకి పిలిచే చేయి ఒకటి కాకూడదన్న జాగ్రత్త మాకు అక్కడి నుండి వచ్చింది. మా బీదల నిధి నుండి సాయం పొందేవాళ్ళలో చర్చి గడప తొక్కనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను ఆదివారం రమ్మని పిలవకూడదని మా డీకన్ల బోర్డు తీర్మానం చేసుకుంది. ఈ తీర్మానం మా పెద్దలలో కొందరికి ఇప్పటికీ రుచించదు.

ఇక పని జరిగే తీరు. మొదటి ఆదివారం ప్రభు భోజనం అయిన తరువాత వేరే సంచి తిప్పుతాం. అది బీదల కానుక. సంఘం ఖర్చులకు, పాస్టరుగారి జీతానికి, సున్నానికి, కరెంటు బిల్లుకు ఆ డబ్బు ముట్టుకోరు. రెండోది స్త్రీల సమాజం వాళ్ళ పిడికిలి బియ్యం. ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలాఖరుకు చర్చికి తెస్తారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇటువంటి పద్ధతి మీద వాళ్ళ సంఘాలు ఎంతో పెద్ద పనులు చేశాయి. మాది చిన్న డబ్బా. పైగా తమిళనాడులో 2011 జూన్ నుండి రేషను బియ్యం ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అప్పుడు స్త్రీల సమాజంలో పెద్ద చర్చ జరిగింది, ఈ బియ్యం ఇక ఎవరికి అని. చివరకు రేషను కార్డు లేనివాళ్ళకు, అంటే నెల్లూరు, ప్రకాశం వైపు నుండి కొత్తగా పనికి వచ్చిన కుటుంబాలకు కొంత ఇచ్చి, మిగతాది ఆరాధన తరువాత వేలం వేసి ఆ సొమ్ము బీదల నిధిలో కలుపుతున్నాం. కోతల పండుగనాడు గుమ్మడికాయను వేలంలో పాడినట్టు, బియ్యం కూడా పాడతారు. ఒక్కోసారి బజారు ధరకు మూడింతలు పలుకుతుంది. పాడినవాళ్ళు దాన్ని మళ్ళీ మాకే ఇచ్చేసి పోతారు, మేము మళ్ళీ పాడతాం.

డబ్బు లెక్క పెట్టేటప్పుడు ఇద్దరుండాలి. బ్యాంకులో రెండు సంతకాలు ఉండాలి. ఎవరి ఇంటికి వెళ్ళినా ఇద్దరం వెళ్ళాలి. ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకు స్త్రీల సమాజం నుండి ఒకరు తోడు రావాలి. దీనికి పాత ఆధారమే ఉంది. యెరూషలేములోని బీదలకు కానుక పంపినప్పుడు పౌలు తీతుతోపాటు మరి ఇద్దరిని పంపాడు, తన మీద నింద రాకూడదని. ఆయన మీద నమ్మకం లేకనా? ఆయన మీద నమ్మకం ఉన్నప్పుడే ఆ ఏర్పాటు చేశారు. మన సంస్థల్లో లెక్క అడిగితే అనుమానించారని అలిగే పెద్దలు ఉంటారు, అందుకని చెబుతున్నాను. చట్టం మాటకు వస్తే, 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి 2017 ఏప్రిల్ నుండి 80జీ మినహాయింపు లేకుండా చేశారు. విదేశంలో ఉన్న మన పిల్లలు అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే వాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. మా కోశాధికారి అటువంటి డబ్బు తిప్పి పంపేశారు, అదీ తన సొంత మేనల్లుడిది. ఇంట్లో రెండు నెలలు మాటలు లేవట.

పేటను ఆరు ముక్కలుగా పంచుకున్నాం. ఆరుగురు డీకన్లం, ఒక్కొక్కరికి కొన్ని వీధులు. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. డీకను పని ఆ సామెతను తిరగేయడం. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడు అడగడు. అడిగే అలవాటున్నవాడు ప్రతి నెలా మొదటి వరసలో ఉంటాడు. అందుచేత మేము అర్జీల కోసం కూర్చోం, ఆనవాళ్ళు చూస్తాం. ఇంట్లో గ్యాసు బండ ఉండీ కట్టెల పొగ వస్తోందా? పదో తరగతి పిల్లవాడు పగటిపూట వీధిలో కనిపిస్తున్నాడా? తాళిబొట్టు స్థానంలో పసుపు తాడు వచ్చిందా? మొదటి రెండూ ఎవరైనా చెబుతారు. మూడోది స్త్రీల సమాజం వాళ్ళు పట్టుకొంటారు. తాళి కుదువబెట్టారంటే వెనక కందువడ్డీ ఉన్నట్టే. అధిక వడ్డీని నిషేధిస్తూ తమిళనాడులో 2003లో చట్టం వచ్చింది. చట్టం ఉంది, వడ్డీకి ఇచ్చేవాడూ ఉన్నాడు, పొద్దున్నే బండి మీద వస్తాడు.

సాయం చేతికి ఇవ్వడమా, బిల్లు కట్టడమా అని మా బోర్డులో ఏళ్ళ తరబడి వాదన జరిగింది. మందుల షాపుకు, బడికి నేరుగా కడితే డబ్బు దారి మళ్ళదని ఒక వాదం. మనిషిని నమ్మి చేతికివ్వకపోతే అది సాయం కాదు, కాపలా అని ఇంకొక వాదం. నేను రెండో పక్షం. అయినా ఫీజు మాత్రం బడికే కడుతున్నాం. తాగుబోతు తండ్రి ఉన్న ఇంట్లో తల్లే వచ్చి "నా చేతికి ఇవ్వకండయ్యా, ఇంట్లో ఉంటే నిలవదు" అని బతిమాలుతుంది.

2015 డిసెంబరు మొదటి రోజుల వరద మీలో చాలామంది చూశారు. మూడో రోజుకు మా చర్చి వరండా నిండా బ్రెడ్డు, పాత బట్టలు వచ్చిపడ్డాయి. ఎవరు పంపారో వాళ్ళ మనసు మంచిది, సందేహం లేదు. అయితే వీధులవారీగా తిరిగి వచ్చిన డీకన్ల కాగితాలలో ఉన్నది వేరు. చాపలు, బ్లీచింగ్ పౌడరు, స్టవ్వు, పసిపిల్లల పాలపొడి, ఆడపిల్లలకు కావలసినవి, ఒక ముసలాయన కళ్ళద్దాలు. అన్నిటికంటే ఎక్కువసార్లు రాసి ఉన్నది కాగితాలు! రేషను కార్డు తడిసిపోయింది, మార్కుల షీటు కొట్టుకుపోయింది, కుల ధ్రువపత్రం ముద్దయింది. ప్రభుత్వం నకళ్ళు ఇవ్వడానికి ప్రత్యేక శిబిరాలు పెట్టింది. అక్కడ దరఖాస్తు తమిళంలో నింపాలి. ఇంట్లో తెలుగు మాట్లాడి, కార్పొరేషను పారిశుద్ధ్యం పనికి పోయే పెద్దవాళ్ళకు అది చేతకాదు. యవ్వనస్థుల కూటమి పిల్లలు పది రోజులు శిబిరం బయట నేల మీద కూర్చొని ఫారాలు నింపారు. ఆ ఏడాది మేము పంచిన వస్తువులన్నీ కలిపినా ఆ ఫారాల విలువకు సరితూగవని నా అభిప్రాయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు నీళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు మా పేటలో చాలా ఇళ్ళలో సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో అటక మీద ఉన్నాయి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇంకో రకం. అందరూ ఇళ్ళలో ఉంటే, చెత్త ఎత్తేవాళ్ళు మాత్రం పనికి పోయారు. వాళ్ళకు బియ్యం అక్కరలేదు, జీతం వస్తోంది. పని మధ్యలో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు, తాగడానికి టీ కావాలి. కొట్లు మూసేశారు, కొళాయి దగ్గరికి రానివ్వని ఇళ్ళు ఉన్నాయి. మా చర్చి గేటు బయట ఒక డ్రమ్ము, సబ్బు పెట్టాం. డీకన్లలో అరవై దాటినవాళ్ళను బయటికి రావద్దన్నారు కాబట్టి నేను ఇంట్లో కూర్చొని ఫోనులో లెక్క రాశాను. నీళ్ళు నింపింది చర్చి ఎదురింటి సాయబుగారు. ఆయన పద్దు పుస్తకంలో దాతగా పేరు రాయనివ్వలేదు. నీళ్ళకు లెక్కేమిటి అన్నారు.

పద్దు పుస్తకం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. మా రిజిస్టరులో పేరు, వీధి, తేదీ, ఏమిచ్చాం, ఎందుకిచ్చాం, ఇద్దరి సంతకాలు – అంతే గడులు. కులం గడి లేదు, మతం గడి లేదు. కారణం ఇది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 నుండి సిక్కులకు, 1990 నుండి బౌద్ధులకు ఆ గుర్తింపు ఉంది, క్రైస్తవులకు లేదు. క్రైస్తవులైనవారిని తమిళనాడులో వెనుకబడిన తరగతులలో చూపుతారు. 2009లో అరుంధతీయులకు ఈ రాష్ట్రంలో మూడు శాతం లోపలి రిజర్వేషను ఇచ్చినప్పుడు ఆది ఆంధ్రులను కూడా ఆ జాబితాలో చేర్చారు. మా పేటలో ఒకే ఇంట్లో అన్న చేతిలో ఒక ధ్రువపత్రం, చెల్లెలి చేతిలో ఇంకొకటి ఉంటాయి. ఒకే గుడిసె, ఒకే చీపురు, ఒకే కూలి! ఇది న్యాయమా కాదా అన్న చర్చ కోర్టులు, ప్రభుత్వాలు చేసుకుంటాయి. మా వరకు, బీదల పద్దు ఎవరి ఉద్యోగానికీ, సీటుకూ అడ్డం వచ్చే సాక్ష్యం కాకూడదు. కొన్నేళ్ళ క్రితం ఒకరు వచ్చి ఆ రిజిస్టరు చూపించమన్నారు. పాస్టరుగారు అది డీకన్లది అన్నారు. డీకన్లం అది సంఘానిది అన్నాం. సంఘం సర్వసభ్య సమావేశం ఏడాదికి ఒకసారే జరుగుతుందని కార్యదర్శి చెప్పాడు. ఆ మనిషి మళ్ళీ రాలేదు.

చదువు సంగతి. పిల్లలారా, ఇది మీకోసం. మా దగ్గరికి వచ్చే ఫీజు కేసులలో సగం నిజానికి డబ్బు కేసులు కావు, సమాచారం కేసులు. కుటుంబంలో మొదటి పట్టభద్రులకు వృత్తి విద్యలో ఫీజు రాయితీ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రభుత్వ బడిలో ఆరు నుండి పన్నెండు దాకా చదివిన ఆడపిల్లలకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరులో మొదలైతే, మా పేటలో ఒక అమ్మాయి చదువు రెండో ఏట పడ్డాక ఆ సంగతి విన్నది. భాష ఇంకో ఇబ్బంది. 2006 చట్టం దశలవారీగా అమలై 2015–16లో పదో తరగతికి వచ్చింది, తమిళం మొదటి భాషగా రాయాలన్నది ఆ చట్టం. ఆ ఏడాది తెలుగు బడులు ఎంత తల్లడిల్లాయో ఇక్కడున్న ఉపాధ్యాయులకు తెలుసు. తమిళం నేర్చుకోండి, బాగా నేర్చుకోండి, మన అన్నం ఇక్కడే. మా ఆదివారపు బడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేది పాటల పుస్తకం చదవడానికని మొదలైంది. ఇప్పుడు అదే ఇంటి ఉత్తరం చదవగలిగే చివరి బడి అయింది.

ఇప్పుడు మన ట్రస్టుకు సంబంధించి ఒకటి రెండు మనవులు. పిలిచి ఎదుట కూర్చోబెట్టినందుకు తప్పు పట్టుతున్నాడని అనుకోవద్దు.

మొదటిది తేదీ. కాలేజీ ఫీజు జూన్, జూలైలో కట్టాలి. మన ఉపకార వేతనం వచ్చేది సంవత్సరం చివర, హాలు దొరికి, ముఖ్య అతిథికి వీలైనప్పుడు. ఈ మధ్య ఐదారు నెలలు తల్లి ఎక్కడ తెస్తుంది? కందువడ్డీవాడి దగ్గర. మనం ఇచ్చేది వడ్డీకే చాలుతుంది. ఇంజనీరింగు మొదటి ఏడు చదువుతున్న ఒక అబ్బాయికి ఒక కాలేజీ ఫీజు బాకీ ఉందని పరీక్ష హాలు టికెట్టు ఆపింది. వాడి పేరు మన జాబితాలో ఎంపికై ఉంది, చెక్కు మాత్రం సభ కోసం ఆగింది! ఆరోజు మా డీకన్లు బీదల నిధి నుండి కట్టారు. ఎంపికైనవారికి సగం జూన్‌లోనే కాలేజీకి పంపి, మిగతా సగం సభలో ఇవ్వవచ్చు.

రెండోది వేదిక. ప్రతిభకు ఇచ్చే బహుమతి వేదిక మీద ఇవ్వండి, చప్పట్లు కొడదాం, ఫోటో తీద్దాం. పేదరికానికి ఇచ్చే సాయం మాత్రం కవరులో పెట్టి ముందే అందించాలని నా కోరిక. పేరుతోపాటు తండ్రి వృత్తి, నెల ఆదాయం మైకులో చదవడం మానుకుందాం. కిందటేడు ఈ హాల్లోనే ఒక అమ్మాయి పేరు మూడుసార్లు పిలిచారు, రాలేదు. ఆ అమ్మాయి వెనక వరసలో తల్లి పక్కనే కూర్చొని ఉంది. తోటి విద్యార్థులు నలుగురు ఇదే హాల్లో ఉన్నారని తల్లి తరువాత నాతో చెప్పింది. ఆ డబ్బు తిరిగి నిధిలో జమ అయినట్టు వార్షిక లెక్కలో చూశాను. దాతలు తమ డబ్బు ఎవరికి పోయిందో చూడాలనుకోవడం సహజమే. వాళ్ళకు పేర్లు లేని పట్టిక ఇవ్వవచ్చు. ఏ కోర్సు, ఎన్నో ఏడు, ఎంత ఇచ్చాం, పరీక్ష ఏమైంది అని. మా సంఘంలో పదహారేళ్ళుగా అదే చదువుతున్నాం, చందా తగ్గలేదు.

మూడోది చిన్నది. దరఖాస్తు ఫారం ఇంగ్లీషులో ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ కూడా వేయించండి, అచ్చు ఖర్చు నేను భరిస్తాను. నింపడం రానివాళ్ళు ఎవరైనా, ఏ మతంవారైనా సరే, శనివారం సాయంత్రం ఐదు తరువాత మా చర్చి వరండాలోకి రావచ్చు. బల్ల, పెన్ను, చదువుకున్న ఇద్దరు పిల్లలు అక్కడ ఉంటారు. ఆదివారం రమ్మని ఎవరూ అనరు.

నాకిచ్చిన సమయం దాటినట్టుంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.